తేజ్‌గావ్ విమానాశ్రయం: 1971 యుద్ధం ముగింపులో దాని పాత్ర



ఏటా డిసెంబర్ 16న మన పాఠశాలల్లో ఉదయం ప్రార్థన సమావేశంలో విజయ్ దివస్ గురించి రెండు మాటలు చెప్పుకుంటాం. ఆ రోజు గోడపత్రిక మీద తప్పనిసరిగా కనిపించే ఫొటో ఒకటుంది. ఒక బల్ల, దాని ముందు పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు సైనికాధికారులు, వారి వెనక నిలబడ్డ మరికొందరు. కూర్చున్నవారిలో ఒకరు లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా, మరొకరు పాకిస్తాన్ తూర్పు సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎ.ఎ.కె. నియాజీ. నియాజీ సంతకం చేస్తున్నారు. ఆ సంతకంతో బంగ్లాదేశ్ అనే దేశం విముక్తమైంది. సుమారు 93,000 మంది యుద్ధ ఖైదీలుగా మన అధీనంలోకి వచ్చారు.

ఆ బల్ల వేసిన చోటు ఢాకాలోని రమ్నా రేస్‌కోర్సు మైదానం. ఈ వ్యాసంలో మనం చదవబోయేది అక్కడికి కొద్ది దూరంలో ఉన్న మరో చోటు గురించి. బల్ల ముందు కూర్చున్న ఇద్దరూ ఆ సాయంత్రం మొదట కలిసింది అక్కడే. దాని పేరు తేజ్‌గావ్ విమానాశ్రయం. యుద్ధం పదమూడు రోజుల్లో ఎందుకు ముగిసింది, ఢాకా వీధుల్లో పోరాటం జరగకుండా ఎలా ముగిసింది అన్న ప్రశ్నలకు సమాధానంలో ఒక పెద్ద భాగం ఆ విమానాశ్రయంలోనే ఉంది.

1. తేజ్‌గావ్ ఎక్కడిది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యాలు బర్మాను ఆక్రమించాయి. వాటిని ఎదుర్కోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం బెంగాల్, అస్సాం ప్రాంతాల్లో ఎన్నో విమాన స్థావరాలు కట్టించింది. ఢాకా ఊరి అంచున తేజ్‌గావ్ వద్ద ఒకటి, దానికి ఉత్తరాన కుర్మిటోలా వద్ద మరొకటి అలా వచ్చినవే. 1947లో దేశ విభజన జరిగాక ఢాకా తూర్పు పాకిస్తాన్ రాజధాని అయింది. తేజ్‌గావ్ ఒకే సమయంలో రెండు పనులు చేసింది. ప్రయాణికుల విమానాలు దిగే చోటూ అదే, పాకిస్తాన్ వైమానిక దళ స్థావరమూ అదే.

పాకిస్తాన్ పటం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పశ్చిమ భాగానికీ తూర్పు భాగానికీ మధ్య సుమారు 1,600 కిలోమీటర్ల భారత భూమి ఉంది. రైలు లేదు, రోడ్డు లేదు. ఓడలో వెళ్లాలంటే రోజులు పడుతుంది. గంటల్లో వెళ్లాలంటే విమానమొక్కటే మార్గం. అంటే తేజ్‌గావ్ రన్‌వే ఆ దేశపు రెండు ముక్కలను కలిపే వంతెన లాంటిది.

2. వంతెన మీద ఏం వచ్చింది?

1970 డిసెంబర్ ఎన్నికల్లో షేక్ ముజీబుర్ రెహ్మాన్ నాయకత్వంలోని అవామీ లీగ్ గెలిచింది. ప్రభుత్వం ఏర్పాటు చేసే హక్కు ఆ పార్టీకి వచ్చినా, సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం అప్పగించలేదు. చర్చలు జరుగుతుండగానే పశ్చిమం నుంచి సైనికులు తూర్పుకు చేరడం మొదలైంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. 1971 జనవరి 30న మన 'గంగా' విమానాన్ని దారి మళ్లించి లాహోర్ తీసుకెళ్లారు, ఆ తర్వాత తగలబెట్టారు. దాంతో మన ప్రభుత్వం ఫిబ్రవరిలో పాకిస్తాన్ విమానాలు మన గగనతలం మీదుగా వెళ్లడాన్ని నిషేధించింది. అప్పటి నుంచి కరాచీలో లేచిన విమానం మన దేశం చుట్టూ దక్షిణంగా తిరిగి, కొలంబోలో ఆగి, ఇంధనం నింపుకుని ఢాకా చేరాల్సి వచ్చింది. అలా తిరిగి తిరిగి వచ్చిన విమానాల్లో పౌర దుస్తుల్లో ఉన్న సైనికులు తేజ్‌గావ్‌లో దిగారు.

వారు దిగుతుండగా చూసినవారిలో ఒక బెంగాలీ అధికారి ఉన్నారు. ఆయన పేరు ఎ.కె. ఖాండ్కర్. ఢాకా వైమానిక స్థావరంలో ఆయనది రెండో స్థానం. మార్చి 25 సాయంత్రం యాహ్యా ఖాన్ ఎవరికీ చెప్పకుండా తేజ్‌గావ్ నుంచి పశ్చిమానికి వెళ్లిపోవడం కూడా ఆయన కంటపడింది. ఆ రాత్రే ఢాకాలో సైనిక చర్య మొదలైంది. విశ్వవిద్యాలయం, పోలీసు బారకాసులు, పేటలు కాల్పులతో దద్దరిల్లాయి. తర్వాతి నెలల్లో సుమారు కోటి మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. ఖాండ్కర్ కూడా సరిహద్దు దాటి వచ్చి ముక్తి సేనల్లో చేరారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

3. రన్‌వే మీద గురి

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. యుద్ధం మొదలైంది. తూర్పున పాకిస్తాన్‌కు ఉన్నది ఒకే ఒక్క యుద్ధ విమాన దళం, 14వ స్క్వాడ్రన్. దాని సేబర్ జెట్‌లు తేజ్‌గావ్‌లో ఉండేవి. నవంబర్ 22న బోయ్‌రా దగ్గర మన నాట్ విమానాలతో తలపడినవీ ఇవే. ఆ పోరులో ఇద్దరు పాకిస్తాన్ పైలట్లు పారాచూట్లతో దిగి పట్టుబడ్డారు.

డిసెంబర్ 4న మన హంటర్, మిగ్ విమానాలు ఢాకా మీదకు వెళ్లాయి. సేబర్లు ఎదురు లేచాయి. కింద నుంచి విమాన విధ్వంసక తుపాకులు పేలాయి. మన వైపూ నష్టాలు జరిగాయి. నేల మీద ఉన్న సేబర్లను వెతికి కొట్టడం కష్టమని తేలింది. వాటిని రక్షణ గోడల మధ్య, ఆకుల రంగు వలల కింద దాచి ఉంచారు. దాచిన విమానాన్ని పైలట్ వెతకాలి, అతడు వెతుకుతున్నంత సేపూ కింది తుపాకులు అతడి కోసం వెతుకుతాయి.

ఒక్క వస్తువును మాత్రం దాచడానికి వీలు లేదు. అదే రన్‌వే. ఎంత ఎత్తు నుంచి చూసినా తెల్లటి గీతలా కనిపిస్తూనే ఉంటుంది. డిసెంబర్ 6న అస్సాం స్థావరాల నుంచి మిగ్-21 విమానాలు 500 కిలోల బాంబులతో వచ్చాయి. ఎత్తు నుంచి నిటారుగా దూకుతూ, ఆ గీత మీదే గురిపెట్టి బాంబులు వదిలాయి. కాంక్రీటు పగిలి లోతైన గుంతలు పడ్డాయి. రాత్రిపూట గుంతలు పూడ్చే ప్రయత్నం జరిగింది. మళ్లీ దాడులు జరిగాయి. కుర్మిటోలా రన్‌వేకూ అదే గతి పట్టింది. ఆ తర్వాత ఢాకా నుంచి సేబర్ విమానం పైకి లేవలేదు. విమానాలు ఉన్నాయి, పైలట్లు ఉన్నారు, ఇంధనం ఉంది. పరుగెత్తడానికి దారి లేదు.

4. ఒక చిన్న లెక్క

గుంతలే కదా, పక్కనుంచి పోలేరా అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేసి చూద్దాం. ఒక రన్‌వే పొడవు 2,400 మీటర్లు అనుకోండి. బరువైన ఆయుధాలతో జెట్ విమానం లేవడానికి 1,500 మీటర్లు కావాలనుకోండి. రన్‌వే మధ్యలో ఒక పెద్ద గుంత పడితే మిగిలేవి రెండు ముక్కలు, ఒక్కొక్కటి సుమారు 1,200 మీటర్లు. మొత్తం కలిపితే దాదాపు రన్‌వే అంతా మంచిగానే ఉన్నట్టు లెక్క. కానీ ఏ ముక్కా సరిపోదు. అంటే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు బాగున్న రన్‌వే కూడా జెట్‌కు పనికిరాదు.

గుంత పూడ్చడం రోడ్డు మీద గుంత పూడ్చినట్టు కాదు. మట్టి వేసి, దిమ్మిస కొట్టి, పైన గట్టి పొర వేయాలి. సరిగ్గా గట్టిపడకపోతే జెట్ చక్రం దిగబడుతుంది. చుట్టూ చెదిరిన కాంక్రీటు ముక్కలన్నీ ఏరాలి. గులకరాయంత ముక్కను ఇంజిన్ లోపలికి పీల్చుకున్నా యంత్రం పాడవుతుంది. వైమానిక స్థావరాల పక్కనున్న బడుల్లో నేను బదిలీల మీద పనిచేసినప్పుడు ఉదయాన్నే మనుషులు వరుస కట్టి, తల వంచుకుని, రన్‌వే మీద రాళ్లు ఏరుతూ నడుస్తారని పిల్లలే నాకు చెప్పారు. మీలో చాలామంది నాన్నగార్లకు ఆ పని బాగా తెలుసు, అడిగి చూడండి.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. అన్ని విమానాలకూ అంత పొడవు అక్కర్లేదు. హెర్క్యులీజ్ లాంటి రవాణా విమానం తక్కువ దూరంలో దిగి లేవగలదు. డిసెంబర్ 12న దాడులు ఆపిన వేళ బ్రిటిష్ హెర్క్యులీజ్ విమానాలు తేజ్‌గావ్‌లో దిగి, అక్కడ చిక్కుకున్న విదేశీయులను తీసుకెళ్లగలిగాయి. హెలికాప్టర్‌కైతే రన్‌వేతోనే పని లేదు. ఈ మాట ముందు ముందు ఉపయోగపడుతుంది.

5. ఆకాశం ఒకరిదయ్యాక

సేబర్లు లేవకపోవడంతో తూర్పు ఆకాశం పూర్తిగా మన అధీనంలోకి వచ్చింది. దీని ఫలితం నేల మీద వెంటనే కనిపించింది.

మేఘనా నది బంగ్లాదేశ్‌లోని మహానదుల్లో ఒకటి. దాని మీద ఆషూగంజ్ దగ్గరి వంతెనను పాకిస్తాన్ సైన్యం పేల్చేసింది. డిసెంబర్ 9 నుంచి లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ తన సైనికులను ఎమ్‌ఐ-4 హెలికాప్టర్లలో నది దాటించారు. నెమ్మదిగా, బరువుగా ఎగిరే హెలికాప్టర్లవి. ఒక్క శత్రు జెట్ వచ్చినా వాటి పని అయిపోయేది. డిసెంబర్ 11న టాంగైల్ దగ్గర మన రెండో పారాచూట్ బెటాలియన్ ఆకాశం నుంచి దిగి పూంగ్లీ వంతెనను పట్టుకుంది. ఉత్తరం నుంచి ఢాకా వైపు వెనక్కి వస్తున్న పాకిస్తాన్ దళానికి దారి తెగింది. పట్టపగలు రవాణా విమానాలు నిదానంగా వరుస కట్టి వచ్చి సైనికులను దింపగలిగాయంటే తేజ్‌గావ్‌లో సేబర్లు కట్టుబడి ఉండటమే కారణం.

సముద్రం వైపు తలుపు మూసింది మన తూర్పు నౌకాదళం. దాని ప్రధాన స్థావరం విశాఖపట్నం. విక్రాంత్ నౌక మీది విమానాలు డిసెంబర్ 4 నుంచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లలోని విమానాశ్రయాల మీద, ఓడరేవుల మీద దాడులు చేశాయి. విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ తీరం దగ్గరే మునిగిపోయింది. విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న 'విక్టరీ ఎట్ సీ' స్మారకం ఈ యుద్ధానిదే. సెలవుల్లో అటు వెళ్లినప్పుడు ఆగి చూడండి.

ఈ పరిస్థితిలో ఢాకాలో ఉన్న నియాజీ వైపు నుంచి ఆలోచించండి. పశ్చిమం నుంచి సాయం రావాలంటే విమానం దిగాలి, దిగలేదు. సముద్రం నుంచి ఓడ రావాలి, రాలేదు. తప్పించుకుందామన్నా దారి లేదు. ఆయన దగ్గర సైనికులు, ఆయుధాలు తక్కువేమీ కావు. లేనిది ఆశ.

6. దాడికి మరో ముఖం

పాఠం పూర్తిగా ఉండాలంటే ఇది కూడా చెప్పుకోవాలి. విమానాశ్రయం ఊళ్లో ఉంటే దాని చుట్టూ ఊరు ఉంటుంది. యుద్ధం జరుగుతుండగా ఒక రాత్రి తేజ్‌గావ్ సమీపంలోని అనాథాశ్రమం మీద బాంబులు పడ్డాయి. ఎంతోమంది పిల్లలు చనిపోయారు. ఆ బాంబులు ఎవరివన్న దానిపై రెండు పక్షాలూ ఒకరినొకరు నిందించుకున్నాయి. ఎవరివైనా, చనిపోయినవారు మీ వయసువాళ్లు, మీకంటే చిన్నవాళ్లు. యుద్ధం ఒక రోజు ముందు ముగియడం అంటే ఏమిటో ఇలాంటి చోటే అర్థమవుతుంది.

డిసెంబర్ 14 ఇంకా చేదైన రోజు. ఓటమి తప్పదని తెలిసిన పాకిస్తాన్ సైన్యమూ, దానికి తోడైన స్థానిక ముఠాలూ ఆ రోజుల్లో ఢాకాలోని బెంగాలీ ఆచార్యులను, వైద్యులను, పత్రికా రచయితలను ఇళ్ల నుంచి పట్టుకుపోయి చంపారు. బంగ్లాదేశ్‌లో నేటికీ డిసెంబర్ 14ను అమర మేధావుల దినంగా పాటిస్తారు. ఆ దేశానికి రేపు పాఠాలు చెప్పాల్సిన ఉపాధ్యాయులు వారు.

అదే డిసెంబర్ 14న ఢాకాలోని గవర్నర్ భవనంలో మధ్యాహ్నం ముఖ్యమైన సమావేశం ఉందని మనవాళ్లకు సమాచారం అందింది. గువాహటిలో ఉన్న వింగ్ కమాండర్ బి.కె. బిష్ణోయ్‌కి ఆ పని అప్పగించారు. గురి చూసుకోవడానికి ఆయన చేతికి దొరికింది ఢాకా పర్యాటక పటం. దాని సాయంతోనే మిగ్ విమానాలు ఊరి మధ్యలో ఆ ఒక్క భవనాన్ని గుర్తించి రాకెట్లు ప్రయోగించాయి. గవర్నర్ ఎ.ఎం. మాలిక్ నేలమాళిగలో కూర్చుని రాజీనామా రాశారు. తర్వాత రెడ్‌క్రాస్ రక్షణలో ఉన్న ఇంటర్‌కాంటినెంటల్ హోటల్‌కు చేరారు. ఊళ్లో పౌర ప్రభుత్వం అనేది లేకుండా పోయింది. మిగిలింది నియాజీ ఒక్కరే.

7. రెండు మాటల మధ్య తేడా

తెలుగు ఉపాధ్యాయుణ్ణి కాబట్టి ఇక్కడ ఒక భాషా విషయం. 'కాల్పుల విరమణ', 'లొంగుబాటు' అనే మాటలను పత్రికల్లో తరచూ చదువుతాం. రెంటికీ అర్థం ఒకటే అనుకుంటాం. కాదు.

విరమణ అంటే ఆపడం. ఉద్యోగ విరమణలో ఉన్నదీ అదే మాట. కాల్పుల విరమణలో తుపాకి పేలడం ఆగుతుంది. తుపాకి మాత్రం చేతిలోనే ఉంటుంది. ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. రేపు మళ్లీ పేలవచ్చు.

లొంగుబాటులో ఆయుధం కింద పెట్టాలి. పెట్టినవాడు యుద్ధ ఖైదీ అవుతాడు. అతణ్ణి చంపకూడదు, అవమానించకూడదు, తిండి, వైద్యం ఇవ్వాలి అని జెనీవా ఒప్పందాలు చెబుతాయి. మాట నిర్మాణం కూడా గమనించండి. 'పడు' అనే క్రియ నుంచి 'పాటు' వస్తుంది. ఏర్పడు, ఏర్పాటు. తిరగబడు, తిరుగుబాటు. లొంగుబాటు కూడా ఆ కుటుంబంలోదే.

డిసెంబర్ 14న నియాజీ అమెరికా దౌత్యాధికారి ద్వారా అడిగింది మొదటి మాట. జనరల్ మానెక్‌షా ఒప్పుకున్నది రెండో మాటకే. ఆలోచించుకునేందుకు వీలుగా డిసెంబర్ 15 సాయంత్రం 5 గంటల నుంచి మరునాడు ఉదయం 9 గంటల దాకా ఢాకా మీద వైమానిక దాడులు ఆపించారు. ఆ గడువును తర్వాత మధ్యాహ్నం 3 దాకా పొడిగించారు. ఆ సమయంలో ఐక్యరాజ్య సమితిలో కాల్పుల విరమణ కోసం ఒత్తిడి పెరుగుతోంది. అమెరికా నౌకాదళం బంగాళాఖాతం వైపు వచ్చింది. విరమణతో ఆగిపోతే పాకిస్తాన్ సైన్యం ఢాకాలోనే ఉండిపోయేది, కోటి మంది శరణార్థులు శిబిరాల్లోనే ఉండిపోయేవారు. రెండు మాటల మధ్య తేడా అంత పెద్దది.

8. డిసెంబర్ 16: దిగినవారు, ఎదురు వచ్చినవారు

ఆ తెల్లవారుజామున చీకట్లోనే పాకిస్తాన్ సైన్యపు కొన్ని హెలికాప్టర్లు ఢాకా నుంచి లేచి బర్మా వెళ్లిపోయాయి. రన్‌వే అక్కర్లేని వాహనాలు కాబట్టి వాటికే ఆ వీలు కలిగింది.

ఉదయం మేజర్ జనరల్ గంధర్వ్ నాగ్రా దళాలు ఊరి అంచున మీర్‌పూర్ వంతెన చేరాయి. నాగ్రా నియాజీకి పాత పరిచయస్తుడు. లొంగిపొమ్మని స్నేహపూర్వకంగా ఒక చీటీ రాసి పంపారు. కాసేపటికి ఆయన, ముక్తి సేన నాయకుడు ఖాదర్ సిద్దిఖీతో కలిసి ఊళ్లోకి వెళ్లారు.

కలకత్తాలో ఉన్న తూర్పు కమాండ్ ముఖ్య అధికారి మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జేకబ్‌కు మానెక్‌షా నుంచి ఫోన్ వచ్చింది, వెంటనే ఢాకా వెళ్లి లొంగుబాటు పని చూడమని. జేకబ్ జెస్సోర్ మీదుగా హెలికాప్టర్‌లో తేజ్‌గావ్ చేరారు. ఎదురు వచ్చినవారు నియాజీ ముఖ్య అధికారి బ్రిగేడియర్ బాకర్ సిద్దిఖీ. ముందు రోజు దాకా బాంబులు పడ్డ నేల మీద ఇప్పుడు ఒక పక్షం అధికారి దిగుతున్నాడు, రెండో పక్షం అధికారి కారు తెచ్చి ఎదురు చూస్తున్నాడు. యుద్ధం ముగింపు అంటే ఇలాగే మొదలవుతుంది. ఎవరో ఒకరు ముందుగా దిగాలి, దిగినవాడి మీద కాల్పులు జరగవన్న నమ్మకం ఉండాలి.

అప్పటికి ఢాకాలో నియాజీ దగ్గర 26,000కు పైగా సైనికులున్నారనీ, ఊరి బయట మనవాళ్లు సుమారు 3,000 మందేననీ జేకబ్ తర్వాత రాశారు. ఆ సైనికులు వీధి వీధికీ పోరాడదామనుకుంటే వారాలు పట్టేది, ఢాకా నేలమట్టమయ్యేది. జేకబ్ షరతులు వినిపించి, ఆలోచించుకోమని నియాజీకి అరగంట గడువిచ్చారు. గడువు తీరాక నియాజీ కాదనలేదు.

మధ్యాహ్నం తర్వాత నియాజీ, జేకబ్ కలిసి తేజ్‌గావ్ వచ్చారు. అరోరా బృందం అగర్తలా నుంచి హెలికాప్టర్లలో దిగింది. ఆయన భార్య, ఎయిర్ మార్షల్ హరిచంద్ దేవన్, విశాఖ నుంచి తూర్పు నౌకాదళాన్ని నడిపించిన వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్, సగత్ సింగ్ ఆ బృందంలో ఉన్నారు. వారితోపాటు బంగ్లాదేశ్ సేనల ప్రతినిధిగా దిగినవారు గ్రూప్ కెప్టెన్ ఎ.కె. ఖాండ్కర్. మార్చిలో ఇదే విమానాశ్రయంలో సైనికులు దిగడాన్ని నిస్సహాయంగా చూసిన అధికారి, డిసెంబర్‌లో అదే నేల మీద తన దేశం తరఫున దిగారు.

అక్కడి నుంచి అందరూ రమ్నా రేస్‌కోర్సుకు వెళ్లారు. పత్రంలో రాసిన సమయం భారత కాలమానం ప్రకారం సాయంత్రం 4 గంటల 31 నిమిషాలు. నియాజీ సంతకం చేసి, తన రివాల్వర్ తీసి అరోరా చేతికిచ్చారు. ఆ మైదానంలో చుట్టూ ఉన్న జనం కోపంతో ఊగిపోతున్నారు. లొంగిపోయినవారికి ఏ హానీ జరగకుండా చూసే బాధ్యత ఆ క్షణం నుంచి మన సైన్యానిది అయింది. జెనీవా ఒప్పందాల ప్రకారం నడుచుకుంటామని పత్రంలోనే రాసి ఉంది.

9. అదే రన్‌వే, మరో ప్రయాణికుడు

1972 జనవరి 8న పాకిస్తాన్ ముజీబుర్ రెహ్మాన్‌ను జైలు నుంచి విడుదల చేసింది. ఆయన లండన్ వెళ్లి, అక్కడి నుంచి బ్రిటిష్ వైమానిక దళ విమానంలో జనవరి 10 ఉదయం ఢిల్లీలో దిగారు. పాలం విమానాశ్రయంలో ఆయనకు స్వాగతం పలికినవారు ప్రధాని ఇందిరా గాంధీ, మన తెలుగువారైన రాష్ట్రపతి వి.వి. గిరి. ఆ మధ్యాహ్నం విమానం తేజ్‌గావ్‌లో దిగింది. గుంతలు పూడ్చిన ఆ రన్‌వే చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. యాహ్యా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయిన చోట, ముజీబ్ లక్షల మంది చూస్తుండగా దిగారు. పది నెలల తేడా.

మార్చి 12న మన సైన్యం ఢాకాలో వీడ్కోలు కవాతు జరిపి తిరిగి వచ్చింది. గెలిచిన సైన్యం మూడు నెలల్లో వెళ్లిపోవడం చరిత్రలో తరచూ కనిపించే విషయం కాదు.

తర్వాత కుర్మిటోలాలో పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయం వచ్చింది. ఇప్పుడు దాని పేరు హజ్రత్ షాజలాల్ విమానాశ్రయం. తేజ్‌గావ్ మాత్రం నేటికీ బంగ్లాదేశ్ వైమానిక దళ స్థావరంగా ఉంది. ఢాకా ఊరు దాని చుట్టూ పెరిగిపోయింది. ఊరివాళ్లు దాన్ని పాత విమానాశ్రయం అంటారు.

10. మనం గ్రహించవలసింది

యుద్ధ చరిత్రలో విమానాశ్రయం అనగానే విమానాలు, పైలట్లు గుర్తొస్తారు. తేజ్‌గావ్ చెప్పేది వేరు. విమానాశ్రయం మొదట ఒక తలుపు. మార్చిలో ఆ తలుపు గుండా సైన్యం వచ్చింది. డిసెంబర్‌లో అది మూసుకోవడం వల్ల సాయం రాలేదు, కాబట్టి పోరాటం వీధుల దాకా సాగలేదు. చివర్లో అదే తలుపు గుండా మాట్లాడుకోవడానికి మనుషులు వచ్చారు. ఈ విజయం ఒక్క వైమానిక దళానిది కాదు. నెలల తరబడి పోరాడిన ముక్తి సేనలు, నదులు దాటిన పదాతి దళాలు, తీరాన్ని కాచిన నౌకాదళం, శరణార్థులకు అన్నం పెట్టిన సరిహద్దు ఊళ్లు, అందరిదీ.

ఈసారి విజయ్ దివస్ నాడు ఆ ఫొటో చూసినప్పుడు వెనక వరుసలో తెల్ల యూనిఫాంలో ఉన్న నౌకాదళ అధికారిని గుర్తుపట్టండి. ఆయనే వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన వెనక విశాఖ సముద్రం ఉంది.

పదాలు – అర్థాలు

గగనతలం: ఒక దేశపు భూమి మీద ఉండే ఆకాశ భాగం
స్థావరం: సైన్యం నిలిచి పనిచేసే చోటు
శరణార్థి: ప్రాణభయంతో మరో దేశంలో ఆశ్రయం కోరినవారు
జలాంతర్గామి: నీటి లోపల ప్రయాణించే నౌక
నేలమాళిగ: భూమి అడుగున కట్టిన గది
పదాతి దళం: నేల మీద నడిచి పోరాడే సైన్యం
విముక్తం: బంధనం నుంచి విడిపోయినది

ఆలోచించి రాయండి

1. తేజ్‌గావ్ రన్‌వేను పాకిస్తాన్ రెండు భాగాలను కలిపే వంతెన అని ఎందుకు అన్నారు?
2. విమానాలను వదిలి రన్‌వే మీద గురిపెట్టడం వల్ల కలిగిన లాభం ఏమిటి?
3. 2,700 మీటర్ల రన్‌వే మీద సమాన దూరాల్లో రెండు గుంతలు పడ్డాయి. మిగిలిన ముక్కలు ఎన్ని? ఒక్కొక్కటి సుమారు ఎంత పొడవు? 1,000 మీటర్లు కావలసిన విమానం అక్కడి నుంచి లేవగలదా?
4. కాల్పుల విరమణకూ లొంగుబాటుకూ ఉన్న తేడాను మీ సొంత మాటల్లో పది వాక్యాల్లో రాయండి.
5. ఏర్పాటు, తిరుగుబాటు, లొంగుబాటు వంటి మాటలు మరో నాలుగు సేకరించి సొంత వాక్యాల్లో ప్రయోగించండి.

ఇలా చేయండి

మీ ఇంట్లో గానీ, మీ కాలనీలో గానీ 1971 నాటి సంగతులు తెలిసిన పెద్దవారు ఉంటే వారి దగ్గర కూర్చుని అడగండి. ఆ రోజుల్లో ఎక్కడున్నారు, రేడియోలో ఏం విన్నారు, రాత్రిపూట దీపాలు ఆర్పేవారా, యుద్ధం ముగిసిందని ఎలా తెలిసింది? వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే రాసి తరగతికి తీసుకురండి. తాతయ్య బాపట్ల మాటలో చెబితే బాపట్ల మాటలోనే, నాయనమ్మ వరంగల్ మాటలో చెబితే వరంగల్ మాటలోనే రాయండి.